చిన్న పాపాలను మొదట్లోనే పట్టుకోవడం: కొత్త విశ్వాసులకు సమగ్ర మార్గదర్శి

బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలు తిరక్కుండానే చాలామంది కొత్త విశ్వాసులు ఒకేచోట ఆగిపోతారు. తాగుడు పోయింది, పేకాట పోయింది, ఇంట్లో బూతులు వినపడటం లేదు. సాక్ష్యం చెప్పమంటే చెప్పుకోవడానికి పెద్ద విషయాలే ఉన్నాయి. అయినా తెల్లవారుజామున మోకరిస్తే ప్రార్థన పెదవులు దాటి లోపలికి దిగదు. బైబిలు తెరిస్తే కళ్ళు మూతలు పడతాయి. పాటలో నోరు కదులుతుంది, మనసు మాత్రం ఎక్కడో ఉంటుంది.

ఎందుకిలా అని వెతికితే చాలాసార్లు దొరికేది పెద్ద పాపం కాదు. విజయవాడ వన్‌టౌన్‌ బట్టల షాపులో ఫోనెత్తి "ఓనరు గారు లేరండి" అన్న మాట. ఎక్కువ వచ్చిన చిల్లర చూసి కూడా జేబులో వేసుకోవడం. తోటికోడలి మీద మూడు వారాలుగా లోపల పెట్టుకున్న కినుక. ఇవి పాపాలని తెలియక కాదు. "దీనికే దేవుడు పట్టించుకుంటాడా" అని పక్కన పెట్టడం వల్ల ఉండిపోతాయి.

రక్షణ పొందిన మొదటి ఏడాదికి ఒక మేలుంది. మనస్సాక్షి ఇంకా మెత్తగా ఉంటుంది, చిన్న తప్పుకే చురుక్కుమంటుంది. కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడు రెండు వేళ్ళతో వస్తుంది. తుంగ గడ్డ ఊరాక పైన ఎంత పీకినా కింద గడ్డ మిగిలి మళ్ళీ మొలుస్తుంది. ఈ పని ఇప్పుడే, ఈ ఏడాదిలోనే మొదలుపెట్టమనడం అందుకే. పదేళ్ళ తర్వాత కూడా చేయవచ్చు. కాకపోతే అప్పటికి ఆ అలవాటుకు మీ ఇంట్లోవాళ్ళు, మీ వ్యాపారం, సంఘంలో మీకున్న పేరు అన్నీ చుట్టుకుని ఉంటాయి.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి స్థిరం చేసుకోండి

చిన్న పాపం దొరికినప్పుడల్లా "నా రక్షణ పోయిందా" అని వణికేవాళ్ళు ఈ పని చేయలేరు. భయపడేవాడు వెతకడు, దాస్తాడు. రోమా 8:1 తెరిచి పెట్టుకోండి: క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు. 1 యోహాను 2:1 కూడా చదవండి. పాపం చేయకూడదనే ఆ మాటలు రాశానని యోహాను చెప్పి, ఆ వెంటనే, ఎవడైనా చేస్తే తండ్రి దగ్గర మనకు ఉత్తరవాది, అంటే మన పక్షాన మాట్లాడేవాడు, ఉన్నాడంటాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. రెండూ కావాలి.

కొడుకు అబద్ధం చెబితే కొడుకుతనం పోదు. అయితే ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న ముఖంలోకి చూడలేడు. పోయేది ఆ చూపు. మనం సరిచేసుకునేది కూడా దాన్నే. కాబట్టి తప్పు జరిగిందని మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడానికి కృష్ణలోకి దిగనక్కర్లేదు, ప్రతి కూడికలో ముందుకొచ్చి మళ్ళీ మొదటినుంచి తీర్మానం చేయనక్కర్లేదు. ఆ సమయం, ఆ కన్నీళ్ళు కింద చెప్పే పనిలో పెట్టండి.

"చిన్నది" అని ఎలా పేరొస్తుంది

దేవుని పరిశుద్ధత ముందు చిన్న పాపం అంటూ లేదు. అయినా మనం ఆ మాట వాడుతూనే ఉంటాం. దానికి మన దగ్గర నాలుగు సాకులుంటాయి: ఎవరూ చూడలేదు, డబ్బు కొంచెమే, అందరూ చేసేదే, ఎవరికీ నష్టం లేదు. మీ నోట ఈ నాలుగింటిలో ఏదైనా వచ్చిందంటే అక్కడ ఆగి వెతకండి. వాక్యప్రకారం తప్పు కాని పనికి ఇలాంటి సాకు అవసరమే పడదు.

యెహోషువ 7లో, ముట్టకూడదన్న యెరికో దోపుడు సొమ్ములోంచి తీసుకున్న ఆకాను ఒప్పుకోలు నెమ్మదిగా చదవాల్సిన భాగం. మంచి షీనారు పైవస్త్రం ఒకటి, 200 తులముల వెండి, 50 తులముల బంగారు కమ్మి. యెరికో అంతటి పట్టణపు దోపుడు సొమ్ములో అది ఎంతనీ? వాటిని "చూచి, ఆశించి, తీసికొంటిని" అంటాడు, డేరా మధ్య భూమిలో దాచానంటాడు. నాలుగు మెట్లు. యాకోబు 1:14-15లోనూ ఇదే వరుస: దురాశ ఈడుస్తుంది, గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది, పాపం పరిపక్వమై మరణాన్ని కంటుంది. మొదట్లో పట్టుకోవడం అంటే "చూచి"కీ "ఆశించి"కీ మధ్య పట్టుకోవడం. "తీసికొంటిని" దగ్గర పట్టుకుంటే తిరిగి ఇవ్వాలి. "దాచితిని" దగ్గరికి వస్తే తవ్వాలి. ఆలస్యమైన కొద్దీ పని పెరుగుతుంది.

మన చుట్టుపక్కల మామూలుగా కనిపించేవి కొన్ని: మిర్చి టిక్కీ (బస్తా) బరువు రావడానికి కాయ మీద నీళ్ళు చల్లడం, తాకట్టు పెట్టిన సంగతి అత్తగారి దగ్గర దాచడం, ఆఫీసులో సంతకం పెట్టి టీ కొట్టు దగ్గర గంట కూర్చోవడం, రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో వేలు ఎక్కడికో జరగడం, ఆటోవాలాతో పది రూపాయల దగ్గర నోరు పారేసుకోవడం, చేయని ప్రార్థనను "చేస్తున్నా బ్రదర్" అనడం. ఇంకొకటుంది, దీన్ని మన సంఘాల్లో పాపం కింద లెక్కపెట్టేవాళ్ళు తక్కువ. కొత్త కుటుంబం గుడికి రాగానే "మనోళ్ళేనా" అని చెవిలో అడగడం. యాకోబు 2:9 పక్షపాతాన్ని సూటిగా పాపం అంటుంది. ఆ ప్రశ్న మీ నోట వస్తుంటే పుస్తకంలో మొదటి వరుసలో అదే రాయండి.

మొదటి మెట్టు: ఏడు రాత్రులు, ఊరికే రాయడం

అరచేతిలో పట్టే చిన్న నోటుపుస్తకం ఒకటి కొనండి. ఫోనులో రాయొద్దు. రాద్దామని తెరిస్తే నోటిఫికేషన్లు లాగేస్తాయి, పైగా ఫోను ఇంట్లో పది చేతులు మారుతుంది. పడుకునే ముందు పది నిమిషాలు చాలు. అంతకు మించితే మనసు తనను తాను పొడుచుకోవడం మొదలుపెడుతుంది.

ముందు కీర్తన 139:23-24 పైకి చదవండి. అది "దేవా, నన్ను పరిశోధించి" అనే ప్రార్థన. పరిశోధించే పని ఆయనది. మీరు దీపం పట్టుకుని నిలబడితే చాలు. తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజును గంటల వరుసలో గుర్తు చేసుకోండి: ఇల్లు, దారి, పని, మధ్యాహ్నం, మళ్ళీ దారి, ఇల్లు, ఫోను. ఎక్కడ ముల్లు గుచ్చుకున్నట్టుంటే అక్కడ ఆగి నాలుగు సంగతులు రాయండి: ఏం చేశాను, ఎప్పుడు ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు నాకు ఏం కావాలనిపించింది.

ఒక రాత ఇలా ఉండాలి:

"మంగళవారం, ఉదయం 9:40, షాపు. లేటెందుకైందని సార్ అడిగితే బండి పంక్చర్ అన్నాను. నిజానికి లేవడమే ఆలస్యమైంది. ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా ఫోను. అందరిముందు తిడతాడేమోనని భయం."

ఇలా రాస్తే దీనితో ఏం చేయాలో తెలుస్తుంది. "ప్రభువా, నేను అబద్ధికుణ్ణి" అని రాస్తే ఏమీ తెలియదు. గర్వం, లోకాశ, శరీరం అనే పెద్ద మాటలు ప్రసంగంలో బాగుంటాయి. నోటుపుస్తకంలో క్రియాపదం ఉండాలి: అన్నాను, తీశాను, చూశాను, దాచాను, మాట్లాడకుండా ముఖం తిప్పుకున్నాను.

ఈ ఏడు రోజులు దేన్నీ సరిచేయడానికి కంగారుపడకండి. తప్పు దొరికితే దేవునికి ఒప్పుకోండి, అంతే. మూడో రాత్రికే అన్నీ మార్చేయాలనే ఊపు వస్తుంది. ఆ ఊపులో మొదలుపెట్టినవాళ్ళు పదో రోజుకు పుస్తకం అటకెక్కిస్తారు.

రెండో మెట్టు: ముడత ఎటు తిరిగిందో చూడండి

గుంటూరు జిల్లా మిర్చి రైతుకు తెలిసిన పని ఇది. దూరం నుంచి చూస్తే చేనంతా ముడతే. దగ్గరికెళ్ళి ఆకు పట్టుకుంటే తేడా తెలుస్తుంది. అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే నల్లి. ఒకదానికి కొట్టే మందు చాలాసార్లు రెండోదానికి పనిచేయదు. డబ్బు ఖర్చవుతుంది, చేను అలాగే ఉంటుంది. తామర పురుగు కంటికి ఆనేది కూడా కాదు. కొమ్మ కింద తెల్ల కాగితం పెట్టి పూత మీద తడితే అప్పుడు కదులుతూ కనిపిస్తుంది.

పాపమూ అంతే. ఇద్దరు ఒకే అబద్ధం చెబుతారు. ఒకరు తిడతారన్న భయంతో, ఇంకొకరు మెచ్చుకోవాలన్న ఆశతో. పైకి రెండూ అబద్ధాలే. భయంతో చెప్పేవాడికి కావాల్సింది దేవుడు తన పక్షాన ఉన్నాడన్న నమ్మకం, తిట్టు తిన్నా చచ్చిపోనన్న అనుభవం. మెప్పుకోసం చెప్పేవాడు మెప్పు రాని పని నాలుగు రోజులు చేయాలి: కూడిక అయ్యాక ఎవరూ చూడనప్పుడు చాపలు చుట్టడం, బాత్రూము కడగడం. మొదటివాడికి రెండోవాడి మందు వేస్తే వాడి భయం అలాగే ఉంటుంది, పైగా చాపలు కూడా మీద పడతాయి.

ఏడు రోజుల రాతల్లో నాలుగో సంగతి, "నాకు ఏం కావాలనిపించింది" అన్నది, వరసగా చదవండి. అదే మీ తెల్ల కాగితం. వేరువేరు తప్పుల కింద ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది: భయం, మెప్పు, సుఖం, నా మాటే నెగ్గాలి, నాకు తక్కువైంది. రెండు మూడు చోట్ల అదే వస్తే వేరు దొరికినట్టే. మూడో సంగతి, "ముందు ఏం జరిగింది", కూడా చూడండి. నిద్రలేమి, ఆకలి, అప్పులవాడి ఫోను, పుట్టింటి నుంచి వచ్చిన మాట, ఇలా ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. అది పాపం కాదు, కానీ పాపం వచ్చే దారి అదే.

మూడో మెట్టు: ఒక్కటే ఎంచుకోవడం

ఇక్కడ ఎక్కువ ఆలోచన వద్దు. రాసినవాటిలో వేరే మనిషికి నష్టం చేసింది ముందు. అలాంటివి లేకపోతే అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది. నాలుగు వారాలు దాని మీదే ఉండండి. మిగతావి జరిగినప్పుడు ఒప్పుకోండి, పోరాటం మాత్రం దీనితోనే.

నాలుగో మెట్టు: పేరు పెట్టి ఒప్పుకోవడం

గుంటూరు లూథరన్ సంఘాల్లో ఆరాధన మొదట్లోనే అందరూ కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతారు. మంచి అలవాటు, వదలకండి. ఆ మాటలు చెప్పేటప్పుడు మీ మనసులో మంగళవారం 9:40 ఉండాలి. లేకపోతే నోటికొచ్చిన పద్యంలా వెళ్ళిపోతుంది. స్వతంత్ర సంఘాల్లో ఇబ్బంది ఇంకో రకం: ఏడుపు ఉంటుంది, పేరు ఉండదు. "తెలిసీ తెలియక చేసిన సమస్త పాపాలు" అని ఒక్క ఊపులో అనేస్తాం. తెలియక చేసినవాటికి ఆ ప్రార్థన సరిపోతుంది, కీర్తన 19:12లో దావీదు అలాగే అడిగాడు. తెలిసి చేసినదానికి పేరు చెప్పాలి.

ఒప్పుకోలులో నాలుగు మాటలుంటే చాలు. "తండ్రీ, ఈ ఉదయం సార్‌తో పంక్చర్ అని అబద్ధం చెప్పాను. ఇది నీకు విరోధంగా చేసిన పాపం. యేసు రక్తాన్ని బట్టి క్షమించు. మధ్యాహ్నం లోపు సార్‌తో నిజం చెప్పడానికి ధైర్యమియ్యి." చివరి వాక్యం వదిలేయకండి. సామెతలు 28:13 ఒప్పుకుని విడిచిపెట్టేవాడికి కనికరం అంటుంది. రెండో క్రియ కూడా అక్కడే ఉంది.

రాత్రి దాకా ఆగకండి. గుచ్చుకున్న నిమిషంలోనే, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి మీద ఉన్నా సరే, కళ్ళు తెరిచే ఆ నాలుగు మాటలు చెప్పవచ్చు. చెప్పాక 1 యోహాను 1:9ను నమ్మండి. క్షమాపణ వచ్చినట్టు ఒంట్లో వెచ్చగా తెలియాలని కూర్చోకండి. ఆయన నమ్మదగినవాడు కాబట్టి క్షమిస్తాడు, మీరు ఎంత ఏడ్చారని కాదు.

ఐదో మెట్టు: మనుషులతో సరిచేసుకోవడం

అందరూ జారిపోయేది ఇక్కడే. మూడు రోజులు ఉపవాసం ఉండమంటే ఉంటారు, 200 రూపాయలు తిరిగి ఇవ్వమంటే కష్టం. దీని మీద తొందరపడకుండా, జాగ్రత్తగా చదవండి.

డబ్బు విషయమైతే లేవీయకాండం 6:5 లెక్క చెబుతుంది: అసలు, దానిపైన ఐదో వంతు. 500 తీసుకుంటే 600 ఇవ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. అది అతని సంతోషం, మీ మీద చట్టం కాదు. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకు ఇంతని చెప్పి, మొదటి వాయిదా ఆ రోజే చేతిలో పెట్టండి. వట్టి మాటగా చెప్పి వచ్చేస్తే ఇంకో అబద్ధానికి దారి తీసినట్టవుతుంది. టికెట్టు లేకుండా ఆర్టీసీ బస్సు దిగిపోయినట్టయితే అదే ధర టికెట్టు ఒకటి కొని, వాడకుండా చించేయండి. డబ్బు చేరాల్సిన చోటికి చేరుతుంది. ఆ మనిషి చనిపోతే వారసులకు ఇవ్వాలి, వారసులు ఎవరూ లేకపోతే ఆ డబ్బు దేవునికి చెందుతుందని సంఖ్యాకాండం 5:8 చెబుతుంది. కానుకపెట్టెలో వేయండి, కానీ దాన్ని మీ దశమభాగంలో కలిపి లెక్కపెట్టకండి.

అబద్ధం విషయమైతే చిన్న వాక్యాలు. "సార్, మంగళవారం పంక్చర్ అన్నాను కదండీ, అది అబద్ధం. నేను లేవడమే ఆలస్యమైంది. క్షమించండి." అంతే, ఆపేయండి. "మీరు తిడతారేమోనని" అన్న మాట చేరిస్తే తప్పు ఆయన మీదికి తోసినట్టు. "నేను ఇప్పుడు ప్రభువును నమ్ముకున్నాను కాబట్టి" అని కూడా ముందే మొదలుపెట్టకండి. ఆయన ఎందుకు చెబుతున్నావని అడిగితే అప్పుడు చెప్పండి, ఆ మాటకు అప్పుడు బరువుంటుంది.

తూకంలో మోసం చేసేవాళ్ళు సామెతలు 11:1 చూడాలి: దొంగత్రాసు యెహోవాకు హేయము. వందమంది కొన్నాక ఎవరికి ఎంత తగ్గిందో లెక్క తేలదు. అప్పుడు రెండు పనులు చేయండి: కాటా ఈ రోజే సరిచేయించడం, తగ్గిన లాభాన్ని అంచనా వేసి బీదలకు ఇవ్వడం. జక్కయ్య ముందు సగం ఆస్తి బీదలకన్నాడు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. మనసులో మాత్రమే జరిగినదాన్ని ఆ మనిషి దగ్గరికెళ్ళి చెప్పకండి. "అక్కా, రెండేళ్ళుగా నీ మీద అసూయ పడ్డాను, క్షమించు" అంటే మీ బరువు దిగుతుంది, ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టదు. స్త్రీని చెడు చూపు చూసినవాడు ఆమెకే వెళ్ళి చెప్పడం ఇంకా అన్యాయం. ఒప్పుకోలు హద్దు పాపం హద్దే: దేవునికి మాత్రమే తెలిస్తే దేవునితో, ఒక్కరికి తగిలితే ఆ ఒక్కరితో, సంఘమంతటికీ తగిలితే సంఘం ముందు.

కోపం సంగతి. ఎఫెసీ 4:26 సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలిచి ఉండకూడదంటుంది. గొడవ పూర్తిగా తేలకపోవచ్చు, కొన్ని గొడవలకు పెద్దలు కూర్చోవాలి. కనీసం ఈ ఒక్క మాట పడుకునే ముందు చెప్పండి: "ఆ సంగతి రేపు మాట్లాడుకుందాం. నీ మీద నాకు పగ లేదు, అన్నం తిను." అపవాదికి చోటియ్యకుడి అని పౌలు వెంటనే అనడం ఊరికే కాదు. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి పొద్దుటికి ఇరవై పాత సంగతులు పోగేసుకుంటాడు.

ప్రార్థన మనవి పేరుతో వచ్చే చాడీ

దీన్ని విడిగా చెప్పడానికి కారణం, సంఘంలోకి వచ్చాకే నేర్చుకునే పాపం ఇది. బయట ఉన్నప్పుడు చాడీ అని తెలుసు. లోపలికి వచ్చాక దానికి తెల్లచీర కట్టి "ప్రార్థన చెయ్యండి అక్కా" అంటాం. "ఫలానా వాళ్ళమ్మాయి గురించి ప్రార్థన చెయ్యండి, పాపం ఎవరితోనో తిరుగుతోందట." మహిళల కూడిక అయ్యేలోపు నాలుగు వీధులకు తెలుస్తుంది, వాట్సాప్ గ్రూపులో పడితే దుబాయిలో ఉన్న మేనమామకు కూడా. ఆ అమ్మాయి మళ్ళీ గుడి గడప తొక్కదు. నిజమైన ప్రార్థన ఒక్కటీ జరిగి ఉండదు.

మనవి చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ మనిషి నా పక్కన కూర్చుంటే ఇదే మాట ఇలాగే చెబుతానా? నన్ను చెప్పమని వాళ్ళు అన్నారా? రెండింటిలో ఒక్కదానికైనా కాదని వస్తే పేరు, ఊరు, సంగతి తీసేసి "ఒక కుటుంబం కోసం" అనండి, లేదా మీరు ఒక్కరే మోకరించండి. ఎవరైనా మీకు చెప్పడం మొదలుపెడితే "అక్కా, ఆ పేరు నాకు వద్దు, ఇప్పుడే ఇద్దరం ప్రార్థన చేసేద్దాం" అని అక్కడే కళ్ళు మూయండి. మొదటిసారి ఆమె నొచ్చుకోవచ్చు. మూడోసారికి మీ దగ్గరికి అలాంటివి తేవడం మానేస్తుంది. ఇప్పటికే చెప్పేసినదాన్ని వెనక్కి తేలేం. విన్నవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి "నేను చెప్పడం తప్పు, ఇంకెవరికీ చెప్పకండి" అనడం వరకు మీ చేతిలో ఉంది. అది చేయండి.

ఆరో మెట్టు: దారి మూయడం, ఖాళీ నింపడం

రోమా 13:14 శరీరేచ్ఛలు నెరవేర్చుకోవడానికి ముందే ఏర్పాట్లు ఆలోచించుకోవద్దంటుంది. మీ రాతల్లో మూడో సంగతి, "ముందు ఏం జరిగింది" అన్నదానిలో దొరికిన దారి ఏదో దాన్ని మూయండి. రాత్రి ఫోనుతో పడేవాళ్ళు తొమ్మిదిన్నరకు ఫోనును వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి, అలారానికి ఒక గడియారం కొనుక్కోవాలి. "అలారం కోసమే పక్కన పెట్టుకుంటున్నా" అన్న సాకు దానితో పోతుంది. గల్లాపెట్టె దగ్గర చెయ్యి నిలవనివాళ్ళు సాయంత్రం లెక్క ఇంకొకరితో కలిసి చూడాలి. టీ కొట్టు దగ్గర నోరు జారేవాళ్ళు కొన్నాళ్ళు టీ లోపలికే తెప్పించుకోవాలి.

దారి మూయడంతో సగం పనే అవుతుంది. మత్తయి 12:43-45లో ఊడ్చి, అమర్చిన ఇల్లు ఖాళీగా ఉండటం వల్లే అపవిత్రాత్మ ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఎఫెసీ 4లో పౌలు ప్రతిదానికీ జతగా ఇంకోదాన్ని పెడతాడు: అబద్ధం మాని సత్యం పలకడం, దొంగతనం మాని చేతులతో కష్టపడి అక్కరలో ఉన్నవాడికి ఇవ్వడం, దుర్భాష బదులు వినేవాళ్ళకు మేలు చేసే మాట. అలాగే మీరూ జత కట్టండి. అత్తగారి మీద కినుక ఉంటే రోజుకొకసారి ఆమె పేరు పెట్టి మేలు కోరి ప్రార్థన, వారానికొకసారి ఆమెకిష్టమైనది ఏదో వండి పెట్టడం. ఫోను పోయిన ఆ అరగంటలో మంచం పక్కన ఒక సువార్త, రోజుకు ఒక అధ్యాయం. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రెండు వారాల పైన రెండు రోజుల్లో అయిపోతుంది.

ఏడో మెట్టు: ఒక మనిషి

పదిమంది వద్దు, ఒక్కరు. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, ఈ నియమంలో సడలింపు లేదు. మీకంటే కనీసం ఐదారేళ్ళు ముందు నమ్మినవాళ్ళు, విన్నది భార్యకు కూడా చెప్పని నోరు ఉన్నవాళ్ళు. వాళ్ళు మీతో ఇతరుల రహస్యాలు చెబుతుంటే, మీవి కూడా ఇంకొకరికి చెబుతారు. అక్కడ ఆగిపోండి.

వారానికి ఇరవై నిమిషాలు, ఒకే రోజు, ఒకే సమయం. ఆయన అడగాల్సినవి మూడు: ఈ వారం ఎన్నిసార్లు? దారి మూసే ఉందా? తిరిగి ఇవ్వాల్సింది ఇచ్చావా? ఆ తర్వాత ఇద్దరూ ప్రార్థన. యాకోబు 5:16 ఒకనితోనొకడు ఒప్పుకోమంటుంది కాబట్టి ఆయన కూడా తన సంగతి ఒకటి చెప్పాలి. ఒకరే ఎప్పుడూ దోషి, ఇంకొకరు ఎప్పుడూ జడ్జి అయితే రెండో నెలకు మీరు అబద్ధం చెప్పడం మొదలుపెడతారు. కతోలిక విశ్వాసులకు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంది. గురువు దగ్గర చెప్పేటప్పుడు కూడా పైన రాసుకున్న క్రియాపదాలతోనే చెప్పండి.

మళ్ళీ పడితే

పడతారు. మొదటి నాలుగు వారాల్లో పడనివాళ్ళు తక్కువ. పడిన నిమిషంలో చేయాల్సింది: నిలబడి ఉన్నచోటే పేరు పెట్టి ఒప్పుకోవడం, సరిచేయాల్సింది ఉంటే ఆ రోజే చేయడం, రాత్రి పుస్తకంలో రాయడం. "ఎలాగూ పడ్డాను కదా, ఈ రోజుకు ఇంతే" అనే మాట రెండో పాపానికి తలుపు తీస్తుంది. మొదటిదానికంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది.

"ఇక జన్మలో చేయను ప్రభువా" అని మొక్కుబడి చేసుకోకండి. మొక్కుకుని తీర్చకపోవడం కంటే మొక్కుకోకపోవడం మేలని ప్రసంగి 5:5 చెబుతుంది. "ఈ సాయంత్రం దాకా కాపాడు" అని అడగండి, సాయంత్రం మళ్ళీ అడగండి. పడని రోజుల లెక్క గోడ మీద గీసుకోవడం కూడా మంచిది కాదు. నలభయ్యో రోజుకు లెక్క మీద గర్వం, నలభై ఒకటో రోజు పడితే లెక్కతోపాటు అంతా వదిలేయడం, రెండూ చూస్తాం.

ఇంకో తప్పుదారి దీనికి ఎదురుగా ఉంటుంది. కొంతమందికి ఈ వెతుకులాటే వ్యసనమవుతుంది. రాత్రి పది నిమిషాలు గంటన్నర అవుతుంది, ఒకే పాపం ఇరవైసార్లు ఒప్పుకుంటారు, క్షమించాడో లేదో అని మళ్ళీ మొదలు. దేవుని ఆత్మ గద్దింపుకూ నేరం మోపే అపవాది గొంతుకూ తేడా ఉంది. ఆత్మ ఒక సంగతిని పేరుతో చూపిస్తాడు, చేయాల్సిన పని కూడా చూపిస్తాడు, చేశాక ఊరుకుంటాడు. అపవాది "నువ్వు పనికిరావు" అని మసకగా అంటాడు, ఏం చేసినా ఊరుకోడు. రెండో గొంతే రోజంతా వినపడుతుంటే నోటుపుస్తకం పక్కన పెట్టేయండి, నెలరోజులు కీర్తనలు మాత్రం చదవండి. అయినా తగ్గకుండా నిద్ర, తిండి, పని చెడితే అది విశ్వాసలోపం కాదు, జబ్బు అయి ఉండవచ్చు, దానికి వైద్యం ఉంది. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. వెళ్ళడం సిగ్గుపడే పని కాదు.

ఈ పద్ధతికి లొంగనివి

ఇంట్లో కొట్టడం, పిల్లల మీద చెయ్యి వేయడం, సంఘం డబ్బు వాడుకోవడం చిన్న పాపాల జాబితాలోవి కావు. నోటుపుస్తకం, వారానికి ఇరవై నిమిషాలు వాటికి సరిపోవు. పిల్లలకు హాని జరిగితే పోలీసులకు చెప్పాలి. "సంఘం పరువు" అని లోపలే ఒప్పుకోలు చేయించి దాచడం ఇంకో పాపం. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ప్రార్థన చేసి ఒక్కరోజులో ఆపేస్తే వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. ఆపాల్సిందే, కానీ డాక్టరు చేతి కింద ఆపాలి. ప్రార్థన అక్కడ కూడా పక్కనే ఉంటుంది.

నాలుగు వారాల తర్వాత

మొదటి వారం రాతలు, నాలుగో వారం రాతలు పక్కపక్కన పెట్టి చదవండి. పడటం పూర్తిగా ఆగకపోయినా, ఎక్కడ పట్టుకుంటున్నారో చూడండి. మొదటి వారంలో "చెప్పేశాను, రాత్రి గుర్తొచ్చింది" అని ఉండి, ఇప్పుడు "నోటిదాకా వచ్చింది, ఆపాను" అని ఉంటే పని సరైన దారిలో ఉంది. రెండూ ఒకేలా ఉంటే వేరు తప్పుగా అంచనా వేసి ఉంటారు. రెండో మెట్టుకు వెళ్ళి ఆకు మళ్ళీ తిప్పి చూడండి, మీ తోడుమనిషికి కూడా చూపించండి. చాలాసార్లు భయం అనుకున్నది మెప్పుగా తేలుతుంది.

మార్పు కనిపిస్తే జాబితాలో రెండోదాన్ని తీసుకోండి. పాత పుస్తకం ఇంట్లో ఉంచకండి. అందులో ఇతరుల పేర్లున్నాయి, మీ తర్వాత ఎవరి చేతికి దొరుకుతుందో తెలియదు. ఇంకా తిరిగి ఇవ్వాల్సిన డబ్బు వివరాలున్న కాగితం ఒక్కటి చించి దగ్గర పెట్టుకుని, మిగతాది పొయ్యిలో వేసి, కొత్తది కొనండి.